మూలా నక్షత్రం, మొదటి రీలు

మొన్న టీవీలో ఎవరో నిర్మాతగారు తమ సినిమా అనుకున్న రోజున కాకుండా ఆ పై వారం వస్తుందని చెబుతున్నారు. పని పూర్తి కాలేదా అని అడిగిన అమ్మాయితో, "పని ఎప్పుడో అయిందండీ, ముహూర్తం కుదరలేదు" అని నవ్వారు. గిన్నెలు తోమడానికి వచ్చే పిల్ల నా పక్కనే నిలబడి చూస్తోంది. "సినిమాకి కూడా ముహూర్తాలేంటండీ మామ్మగారూ!" అని మూతి తిప్పింది. "ఎందుకుండవే? ఏలూర్లో మా నాన్నగారు పెట్టేవారు. ఆ బొమ్మల్ని ఊళ్ళో అందరికంటే ముందు నేనే చూసేదాన్ని" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుంది కాబోలు, పకపకా నవ్వి, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది. వట్లూరులో ఈ మేడమీద గదిలో నాతో రోజూ నాలుగు మాటలాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే. అది తలుపు చేరవేసి మెట్లు దిగిపోయాక టీవీ కట్టేశాను. ఆ పిల్లకి చెప్పాలనుకున్నదంతా నోట్లోనే ఉండిపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు సిద్ధాంతి. ఏలూరు కాలువ అవతల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఇంట్లో మనుషులం ముగ్గురం: నాన్నగారు, ఆయన అక్కగారైన కనకమ్మత్తయ్య, నేను. అత్తయ్య చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. తెల్లారకుండానే నూతి దగ్గర నాన్నగారి స్నానం, తడిబట్టతో సంధ్య, ఆ తర్వాత అరుగు మీద పీట వేసుకుని, ఒళ్ళో పెద్ద రాతిపలక పెట్టుకుని లెక్కలు. బలపం కీచుమంటుంటే లోపల నాకు పళ్ళు జివ్వుమనేవి. లెక్క తేలగానే తడిగుడ్డతో పలక తుడిచేసేవారు. విభూతి వాసన, తడిసిన పలక వాసన, అత్తయ్య మడిబట్టల వాసన, ఇవి మా ఇంటివి. దక్షిణం గాలి వీచిందంటే మాత్రం కొల్లేరు మా వాకిట్లోకి వచ్చేసేది. నాచు, బురద, ఎండేసిన చేపలు, అన్నీ కలిపి ఒకటే వాసన. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "రామ రామ" అంటూ తలుపులు మూసేది. నాన్నగారు మాత్రం ఆ గాలి వచ్చినప్పుడు బలపం పక్కన పెట్టి, కాసేపు ఏ పనీ చేయకుండా వీధివైపు చూస్తూ ఉండిపోయేవారు. మా అమ్మది కొల్లేటి లంకల్లో ఒక ఊరు.

నేను పుట్టిన రోజునే అమ్మ పోయింది. నాది మూలా నక్షత్రం, రెండో పాదం. ఇది తల్లికి దోషమని శాస్త్రం తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ చెప్పేవారు. మా వీధిలో "తల్లిని మింగిన పిల్ల" అంటే నేనేనని నాకు ఊహ తెలిసిన నాటినుంచీ తెలుసు. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే అత్తయ్య నా జబ్బ పట్టుకుని లోపలికి లాగేసేది. "నువ్వెదురు రాకే తల్లీ, వాళ్ళ నోట్లో నువ్వెందుకు పడటం!" అనేది. పక్కింట్లో పెళ్ళికూతుర్ని చేస్తుంటే పిల్లలందరికీ అక్షింతలు చేతికిచ్చారు, నాకు మాత్రం మిఠాయి పెట్టి పంపించేశారు. ఆ మిఠాయి నేను తిన్నాను, అబద్ధమెందుకు. తిన్నాక ఏడిచాను. నాన్నగారు ఎన్నడూ నన్నొక మాట అనలేదు. అనకపోవడమే కాదు, నాతో అసలు మాట్లాడేవారే కాదు. "అక్కయ్యా, పిల్ల తిందా?" "అక్కయ్యా, పిల్లకి జ్వరం తగ్గిందా?" అంతా అత్తయ్య ద్వారానే. ఆయన కళ్ళు నా మీద పడితే వెంటనే పలక మీదికి దిగిపోయేవి. నన్ను చూస్తే ఆయనకు అమ్మ చావు గుర్తొస్తుందని, అందుకని నేనంటే అసహ్యమని నా లెక్క నేను కట్టుకున్నాను.

మాట్లాడే బొమ్మలు వచ్చిన కొత్త. మా ఊళ్ళో రత్నంగారని ఒకాయన టాకీ హాలు కట్టించారు. ఆముదం రాసి వెనక్కి దువ్విన జుట్టు, చేతికి గడియారం, నోరు తెరిస్తే అండీ లేకుండా మాట రాని మర్యాద. ఒకరోజు పండ్లూ తాంబూలం పళ్ళెంలో పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు.

"సిద్ధాంతిగారూ, మదరాసు నుంచి కొత్త బొమ్మ వస్తోందండీ. మొదటాటకి తమరు ముహూర్తం పెట్టాలండీ. హాల్లోంచి కదలకూడదు, అలా ఆడుతూనే ఉండాలి."

"కదలకూడదంటే స్థిరలగ్నం పెట్టాలి," అన్నారు నాన్నగారు. "కానీ రత్నంగారూ, ముహూర్తం ఎవరికో ఒకరికి పెడతాం. పెళ్ళికి వధూవరులుంటారు, ఇంటికి యజమాని ఉంటాడు. మీ బొమ్మకి జన్మనక్షత్రం ఏమిటండీ?"

రత్నంగారు గతుక్కుమన్నారు. "తీసినాయనది చూడమంటారా? వేషం కట్టినాయనదా? పోనీ నాది చూడండీ, ఉత్తర."

"తీసినాయన మదరాసులో ఉన్నాడు. వేషం కట్టినాయన తెర మీద నీడే తప్ప మనిషి రాడు. మీరు హాలుకి యజమానులు, బొమ్మకి కాదు." నాన్నగారు పలక ఒళ్ళోకి తీసుకున్నారు. "చూసేవాడు లేకపోతే బొమ్మ లేదు కదండీ. మొదట చూసే మనిషే దానికి కర్త. ఆ మనిషి నక్షత్రానికి బలం చూసి పెట్టాలి."

తలుపు చాటున నేనూ అత్తయ్యా వింటున్నాం. లోకంలో ఇంకే సిద్ధాంతికైనా ఈ ఆలోచన వచ్చిందో లేదో నాకు తెలీదు. ఆయనకి మాత్రం వచ్చింది. బలపం చాలాసేపు కీచుమంది. ఆఖరికి తలెత్తి, శ్రావణ మాసంలో శ్రవణా నక్షత్రం నాడు, పొద్దున్నే సింహలగ్నంలో మొదటి రీలు తిప్పాలన్నారు. మొదట చూసేది కన్నెపిల్ల అయి ఉండాలి, మూలా నక్షత్రం అయి ఉండాలి, ఆ నక్షత్రానికి శ్రవణం క్షేమతార అన్నారు.

"మూలేమిటండీ సిద్ధాంతిగారూ!" అన్నారు రత్నంగారు. "అంత పొద్దున్నే జనం ఎవరొస్తారండీ?"

"జనం సాయంకాలం వస్తారు. ముహూర్తానికి ఒక్క మనిషి చాలు. మా అమ్మాయి ఉంది."

మా అమ్మాయి. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు నాకు తలంటి, పట్టు పరికిణీ కట్టి, జడలో కనకాంబరాలు పెట్టింది అత్తయ్య. రత్నంగారు మర్యాదకి పంపిన జట్కా వచ్చి వాకిట్లో నిలబడితే, నన్ను లోపలికి లాగే చెయ్యే నన్ను బండెక్కించింది. హాలు గుమ్మానికి మామిడాకులు కట్టారు. రత్నంగారు కొబ్బరికాయ కొట్టి, "కుడికాలు ముందు పెట్టి రండమ్మా" అని నన్ను మీరు అన్నారు! నాన్నగారు గుమ్మం బయటే గడియారం చూసుకుంటూ నిలబడిపోయారు. హాల్లో ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. ఒక కుర్చీలో నన్ను కూర్చోబెట్టి అందరూ బయటికి పోయారు, కర్త ఒక్కరే ఉండాలట. నల్లటి తెరలు దించేశారు. బయట ఇంజను డబడబమంది. నా తల వెనక నుంచి వెలుగొకటి వెళ్ళి తెర మీద పడింది, మనుషులు కదిలారు, నోరు తెరిచి పాడారు. నాకు భయమేసి కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాను. అంత పెద్ద హాల్లో, అంతమంది కూర్చోవలసిన చోట, నా ఒక్కదాని కోసం వాళ్ళు ఏడ్చారు, నవ్వారు, యుద్ధానికి బయలుదేరారు. పక్కకి తిరిగి చూస్తే అన్నీ ఖాళీ బెంచీలు. ఇదెంత బాగుందో అని చెప్పడానికి పక్కన ఒక్క మనిషి లేరు. ఇంతలో రీలు అయిపోయి తెర తెల్లబడింది. తలుపులు తీశారు. ముహూర్తం అయిపోయింది, ఇక ఇంటికి పదమన్నారు.

సాయంత్రం ఆటకి నన్ను పంపేది లేదన్నారు నాన్నగారు. ఆడపిల్ల ఆ జనంలోకి వెళ్ళకూడదట. బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది. లంకల నుంచి పడవల మీద, మెట్ట నుంచి బళ్ళ మీద జనం వచ్చి పడ్డారు. రత్నంగారు మా ఇంటికి పళ్ళూ, నాకు పరికిణీ గుడ్డా తెచ్చారు. అప్పటినుంచీ బొమ్మ మారినప్పుడల్లా జట్కా రావడం, నేను వెళ్ళి మొదటి రీలు చూసి రావడం ఆనవాయితీ అయింది. తాడేపల్లిగూడెంలో డేరా వేసుకుని బొమ్మలాడించే ఆయన కూడా వచ్చి నాన్నగారి కాళ్ళ మీద పడితే, ఒకసారి రైల్లో అక్కడికీ వెళ్ళాను. రైల్లో నాన్నగారు కిటికీ పక్కన, నేను ఎదురుగా. గూడెం వచ్చేదాకా ఒక్క మాటా లేదు. దిగేటప్పుడు మాత్రం "జాగ్రత్త" అన్నారు. నాతోనే అన్నారో, రైలు పెట్టెలో మరెవరితోనైనా అన్నారో తేల్చుకోలేక ఆ మాటను నేను చాలా రోజులు దాచుకున్నాను.

వీధి మారిపోయింది మరి! మిఠాయి పెట్టి పంపించేసిన పక్కింటావిడే కొడుకు పరీక్షకి వెళ్తుంటే "ఏవమ్మా సుభద్రా, ఒక్కసారి ఎదురు రా తల్లీ" అని పిలిచింది. మంచి పాదం అన్నారు, చల్లని పిల్ల అన్నారు. అత్తయ్య మాత్రం పప్పు ఏరుకుంటూ, "తర్వాతేమైందే? ఆ పిల్ల మొగుడు దొరికాడా?" అని అడిగేది. గడప దాటని మనిషికి బొమ్మలు చూపించే కళ్ళు నావే. నేను చూసింది మొదటి రీలే కదా. మిగతాది నేనే అల్లి చెప్పేదాన్ని. నా కథల్లో తప్పిపోయినవాళ్ళంతా ఇంటికి చేరుకునేవాళ్ళు. "ఓసి నీ అసాధ్యం కూలా, ఎంత బాగా చెబుతావే!" అని మురిసిపోయేది అత్తయ్య. ఇంత జరిగినా నాన్నగారు నాతో మాట్లాడింది లేదు. నేను మంచి పిల్లనని ఊరంతా ఒప్పుకుంది కదా, ఇక ఆయనొక్కరు ఒప్పుకుంటే చాలని రోజూ అన్నం తినేటప్పుడు ఆయన ముఖంలోకి చూసేదాన్ని.

ఆ తర్వాతి ఏడాది రత్నంగారు ఒక పెద్ద బొమ్మ తెప్పించారు. బండి మీద బోర్డులు కట్టి, బాజాలతో కొల్లేటి గట్టుదాకా ఊరేగించారు. నేను వెళ్ళాను, ఎప్పటిలాగే ఒక్కదాన్నే చూశాను, నచ్చలేదు. ఎవరితో చెప్పను? ఆ సాయంత్రం కుర్చీలు నిండలేదు. మర్నాటికి నేల కూడా ఖాళీ. వానలు పట్టుకున్నాయి, తమ్మిలేరు పొంగి దారులు మునిగిపోయాయి, ఉన్న నలుగురూ రావడం మానేశారు. బొమ్మ పెట్టె సర్దేసి మదరాసు రైలెక్కించారు.

రత్నంగారు తన బావమరిదిని వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు. రత్నంగారు తలవంచుకుని కూర్చున్నారు, మాట్లాడిందంతా బావమరిదే.

"తమరిని అనడానికి కాదండీ సిద్ధాంతిగారూ. కానీ మూలా నక్షత్రం పిల్లని గుమ్మం ఎక్కించడమేమిటండీ? కన్నతల్లినే మింగిన పిల్లకి మా బొమ్మొక లెక్కాండీ?"

తలుపు వెనక నేను, నాన్నగారు ఏమంటారోనని చెవులు రిక్కించాను. నా నక్షత్రం మంచిదని చెప్పిన మనిషి ఆయనే. ఆయనే కాదంటే ఇక నాకు లోకంలో దిక్కెవరు? పలక పక్కన పెట్టిన చప్పుడైంది. ఆయన గొంతు వినిపించింది.

"పిల్లది తప్పు కాదండీ. లగ్నం నేను తప్పు కట్టాను."

"తమరా? తప్పా?"

"నేనే. పదిమందిలోనూ చెప్పుకోండి, ఫర్వాలేదు."

వాళ్ళు చెప్పుకోకుండా ఉంటారా! లగ్నం తప్పు కట్టిన సిద్ధాంతి దగ్గరికి పెళ్ళి ముహూర్తానికి ఎవరొస్తారు? మా అరుగు నెమ్మదిగా ఖాళీ అయింది. జాతకాలు చూపించుకునేవాళ్ళు మా గుమ్మం ముందు నుంచే ఇంకో వీధికి వెళ్ళేవాళ్ళు, తల తిప్పుకుని. కామవరపుకోట నుంచి ఏటా వచ్చే రైతులు కూడా రావడం మానేశారు. నాన్నగారు అలవాటు కొద్దీ పీట వేసుకుని కూర్చునేవారు, పలక పొడిగా ఉండేది. ఒకరోజు నాకు జడ వేస్తూ అత్తయ్య ఉన్నట్టుండి అంది: "తప్పూ లేదు, పాడూ లేదు. వాడు తప్పు కట్టడమేమిటే! ఇరవయ్యేడు నక్షత్రాలుండగా వాడికి మూలే ఎందుకు దొరికిందనుకున్నావ్? నీకున్న చెడ్డపేరు పోగొట్టాలని, వాడే వెతికి వెతికి నీకు క్షేమమైన రోజు పట్టుకున్నాడు. ఆ బొమ్మ బాగాలేక పోయింది, అంతే." నాకు కోపం, సంతోషం రెండూ కలిసి వచ్చాయి. అంత ప్రేమ ఉంటే ఒక్క మాట మాట్లాడటానికేం? అదే అడిగాను. అత్తయ్య జడ బిగించి కట్టి, "అది నేను చెప్పేది కాదు" అని లేచి వెళ్ళిపోయింది.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక నాన్నగారు కండువా వేసుకుని, "అమ్మాయీ, రా" అన్నారు. నన్నే. అత్తయ్య వర్జ్యం ఉందో లేదో చూసుకోమని గుర్తు చేయబోయింది. ఆయన పంచాంగం వైపు చూడనే లేదు. ఆయన ముందు, నేను వెనక నడుచుకుంటూ హాలుకి వెళ్ళాం. టిక్కెట్టు కొన్నారు, అందరిలాగే. గుమ్మం దగ్గర మనిషి మమ్మల్ని గుర్తుపట్టి ఏదో గొణిగాడు. కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. నేను బొమ్మని మొదటినుంచి చివరిదాకా చూసింది ఆ రోజే, పక్కన మనిషితో చూసిందీ ఆ రోజే. నేలలో జనం ఈలలు వేశారు, పిల్లలు ఏడిచారు, వేరుశనక్కాయల తొక్కలు కాళ్ళ కింద కరకరలాడాయి. నాన్నగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెప్పవేయకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆట అయిపోయి జనం వెళ్ళిపోయారు. ఆయన లేవలేదు. ఊడ్చేవాడు నేల వైపు నుంచి చీపురు వేసుకుంటూ వస్తున్నాడు. నేనే ధైర్యం చేసి, "నాన్నగారూ, ఇప్పుడు ఏ లగ్నమండీ?" అన్నాను. ఇంకేం మాట్లాడాలో నాకు తెలీదు.

"చూడలేదమ్మా," అన్నారు. తెర వైపే చూస్తూ చెప్పారు. "మీ అమ్మకి లంకలో నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగింది. ఏలూరు ఆస్పత్రికి తీసుకుపోదామని పడవ గట్టుకి తెచ్చారు. పడవతను గడ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వర్జ్యం ఉంది, అది పోయేదాకా కదలడానికి వీల్లేదని నేనే ఆపాను. మీ తాతగారు నా చేతులు పట్టుకున్నారు. అయినా ఆపాను. వర్జ్యం పోయేసరికి నువ్వు పుట్టావు. ఆవిడ లేదు."

ఊడ్చేవాడు మా వరుస దాకా వచ్చి, ఆయన ముఖం చూసి, పక్క వరుసలోకి పోయాడు.

"అందరూ నీ నక్షత్రం అన్నారు. నేను కాదనలేదు. నీ మీద పెట్టి ఊరుకున్నాను. అందుకే నీ ముఖం చూడలేకపోయాను తల్లీ. నీది కాదు. నాది."

నేను ఏడవలేదు. ఆయన్ని కోప్పడనూ లేదు. కోపం తర్వాత వచ్చింది, పెద్దయ్యాక, నాకు పిల్లలు పుట్టాక. పసిపిల్ల మీద అంత బరువు పెట్టి అన్నేళ్ళు ఎలా ఊరుకోగలిగారని ఆయన ఫొటో ముందు నిలబడి గట్టిగానే అడిగాను. ఆ రోజు మాత్రం నాకు తోచింది ఒక్కటే. అమ్మని మింగిన పిల్లకి అమ్మ గురించి అడిగే హక్కు లేదని అంతవరకూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడగొచ్చు.

హాలు బయటికి వచ్చాక ఆయన పక్కకి చేరి, "అమ్మ ఎలా ఉండేదండీ?" అన్నాను.

ఆయన నెమ్మదిగా నడుస్తూ చెప్పారు. నవ్వితే అరచెయ్యి అడ్డం పెట్టుకునేదట. ఏలూరు నూతి నీళ్ళు చప్పగా ఉన్నాయని వచ్చిన కొత్తలో ముఖం చిట్లించుకునేదట. గూడబాతుల గుంపు ఆకాశంలో వెళ్తుంటే పనంతా వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేదట. మజ్జిగ చిలుకుతూ పాడేదట, ఆయన వచ్చిన అలికిడి కాగానే ఆపేసేదట. కోపమొస్తే ఆయన పలక ఎక్కడో దాచేసి, తెలీదనేదట. "ఎక్కడ దాచేదండీ?" అన్నాను. "బియ్యం డబ్బాలో," అని ఆయన నవ్వారు. మా నాన్నగారు నవ్వగా నేను చూసింది అప్పుడే. కాలువ వంతెన దాటాం, మలుపు తిరిగాం, అరుగు మీద అత్తయ్య కనిపించింది. ఆయన మాట ఆపేశారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి నన్ను "సుభద్రా" అని పిలిచేవారు, దగ్గర కూర్చోబెట్టుకుని పలక మీద లెక్కలు నేర్పారు, నా పెళ్ళికి ముహూర్తం మాత్రం ఇంకొకరి చేత పెట్టించారు. అమ్మ గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకటి రెండుసార్లు అడగబోతే ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆ లంకలో అమ్మ వాళ్ళెవరూ మిగల్లేదు. ఇప్పుడు నాన్నగారూ లేరు, అత్తయ్యా లేదు. మా అమ్మ గురించి నాకు తెలిసింది ఆ హాలు నుంచి మా ఇంటిదాకా నడిచినంత దూరమే. మా ఇల్లు హాలుకి మరీ దగ్గర.